తాళం వేసిన బ్యాటరీ

ఆత్మకూరు బస్టాండు ఎదుటి సందులో నేను అడుగుపెట్టి రెండేళ్ళు దాటింది. కావాలనే మానుకున్నాను. మొన్న పెద్ద రోడ్డు తవ్వేసి ఉంటే వేరే దారి లేక ఆ సందులోంచి నడిచాను. బ్యాటరీ అంగడి షట్టరు మూసి ఉంది. షట్టరుకు ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీలో ఆయన, నీలం రంగు కోటు వేసుకుని.

బతికినన్నాళ్ళూ ఆయన కోటు తొడగలేదు. తొడిగిన ప్రతి చొక్కాకూ పొట్ట మీద యాసిడ్ చిల్లులే, జల్లెడలాగా. మెడ కింద నుంచి వేరే ఎవరిదో ఒళ్ళు తెచ్చి అతికించారు. దాని కింద పెద్ద అక్షరాలతో 'మృదుభాషి, శాంతమూర్తి' అని రాయించారు.

ఆయన మృదుభాషి అయితే నేను పుట్టుమూగను.

పక్కన టీ అంగడి ఆయన్ను అడిగాను. "నెలయింది మేడమ్. లారీ బ్యాటరీ దించతా దించతా కూలబడినాడు. ఆస్పత్రి దాకా కూడా పోలేదు" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మనవాళ్ళు ఇంతే. మనిషి పోగానే ముందు నాలుక కోసేస్తారు, ఆ తర్వాత దండ వేస్తారు. ఆ నాలుక తీసేస్తే ఆయనలో మిగిలేది నీలం కోటే.

పేరు రాయను. ఆ సందులో ఆయనకు పేరుతో పని పడలేదు. బ్యాటరీ ఆయన అంటే చాలు, బస్సు కండక్టర్లు కూడా దారి చెప్పేవాళ్ళు.

అంగడికి వచ్చినవాళ్ళను కూర్చోమనేవాడు కాదు. పాత బ్యాటరీ మీద ఎవరైనా కూర్చోబోతే, "అది పీట కాదు, లెయ్" అని అరిచేవాడు. చెవి మీద పెన్సిలు ఉండేది. ఎవరు ఏ బ్యాటరీ తెచ్చినా మీటరు పెట్టేముందు దాని పక్కకు అరచెయ్యి ఆనించి కాసేపు ఊరుకునేవాడు, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు. ఆ కాసేపే శాంతం. ఆ తర్వాత మొదలు.

"ఏం పోసినారు దీంట్లో?"

"నీళ్ళే అన్నా."

"ఏం నీళ్ళు?"

"మా ఊరి బోరు నీళ్ళు."

"ఆ నీళ్ళు తాగి నీ పండ్లు ఎట్ల గారపట్టినాయో అద్దంలో చూసుకున్నావా? దీనికి పండ్లు లేవు గాబట్టి ఇకిలించి చూపించలేదు. చచ్చి చూపించింది."

ఉదయగిరి పక్క ఫ్లోరైడు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఆ మాటకు నోరు మూసుకుని పళ్ళు దాచుకునేవాళ్ళు. అయినా మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. కొత్త బ్యాటరీ కొనేవాళ్ళు ఎవరైనా "ఎంతసేపు వస్తాదన్నా?" అని అడిగారో, ఇక అంతే. "అది ఎంతసేపు వస్తాదో దాన్ని అడుగుతుండావు. నువ్వు ఎంతసేపు చెయ్యి ఆపుకుంటావో అది చెప్పు ముందు" అనేవాడు.

నేను ఉదయగిరిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఆయన నాకు పరిచయమైంది అక్కడే. మా కాలేజీ ఆఫీసులో ఇన్వర్టరు బాగుచేయడానికి వచ్చి, పని అయిపోయాక వరండాలో పోతూ నా క్లాసు గుమ్మం దగ్గర ఆగాడు. నేను బోర్డు మీద బ్యాటరీ లెక్క చేస్తున్నాను. ఇంత బ్యాటరీకి ఇంత బల్బు పెడితే పది గంటలు వెలుగుతుందని తేల్చి, గీత గీశాను.

"పది రాదు మేడమ్" అని గుమ్మంలోంచి వినిపించింది.

క్లాసు మొత్తం అటు తిరిగింది. "లెక్కలో తప్పేముంది?" అన్నాను.

"లెక్కలో ఏం తప్పులేదు. బ్యాటరీని మీరు అడుగంటా తాగించేసినారు. సగం తాగి ఆపాల. అడుగు దాకా నాలుగుసార్లు తాగితే అయిదోసారి అది లెయ్యదు. పిల్లోళ్ళకు అదొక ముక్క చెప్పండి" అని సంచీ భుజాన వేసుకుని పోయాడు.

నాకు రెండు రోజులు ఒళ్ళు మండింది, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. ఎమ్మెస్సీ చదివినదాన్ని, పదో తరగతి తప్పిన మనిషి చేత పిల్లల ముందు అనిపించుకున్నాను. మూడో రోజు ఆత్మకూరు పోయి ఆయన అంగడి ముందు నిలబడి గంటసేపు వాదించాను. ఓడిపోయాను. ఆ తర్వాత ఆత్మకూరులో ఏ పని ఉన్నా ముందు ఆ సందులోకి పోయి కాసేపు పోట్లాడి గానీ వేరే పనికి పోయేదాన్ని కాదు. నా నోటికి సరిపడే నోరు నాకు ఆ ఒక్కచోటే దొరికింది.

మా అన్నకు గొర్రెల మంద ఉంది. ఊరు దుత్తలూరు పక్కన. ఎండాకాలం మా మెట్టల్లో గడ్డిపరక మిగలదు. సోమశిల డ్యాంలో నీళ్ళు వెనక్కి పోయినచోట మాత్రం పచ్చిక మొలుస్తుంది. నాలుగైదు ఊళ్ళ మందలు అక్కడికి పోయి, వానలు పడేదాకా ఉంటాయి. అన్నతో పాటు వదిన కూడా పోతుంది, వండిపెట్టడానికి. వదినకు షుగరు. మాత్రలు పోయి ఇన్సులిన్ సూది దాకా వచ్చింది. టార్పాలిన్ పట్టా కట్టుకుని దాని కింద ఎన్నాళ్ళుంటారని, మూలపడ్డ స్కూలు వ్యాను ఒకటి కొనిపించాను. సీట్లు పీకేసి ఒక నులకమంచం, గ్యాసు పొయ్యి పెట్టారు. పసుపు రంగు అలాగే ఉంచారు. దాని పైన సోలారు ప్యానెళ్ళు వేసి కరెంటు పెట్టించాలన్నది నా ఆలోచన. ఆ చుట్టుపక్కల స్తంభం లేదు, తీగ లేదు. గ్రాఫు కాగితం మీద ఏ వస్తువు ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు అని పట్టిక వేసుకుని, అన్నను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి పోయాను.

ఆయన చెవి మీది పెన్సిలు తీశాడు.

"టీవీ. ఇది ఎవురికి?"

"నాకే. క్రికెట్ వస్తుంది గదా" అన్నాడు అన్న.

"నువ్వు గొర్రెల్ని చూడు. క్రికెట్‌ను చూసేవాళ్ళు చానామంది ఉండారు" అని కొట్టేశాడు. "కరెంటు కుక్కరు. వద్దు. వేడి పుట్టించేది ఏదైనా సరే బ్యాటరీ నెత్తురు తాగేస్తాది. పొయ్యి ఉండాది గదా. మిక్సీ, వద్దు. రోలు లేదా మీకు?"

"మీ ఇంట్లో రోలు మీ ఆవిడ చేత రుబ్బిస్తారా?" అన్నాను.

"నేనే రుబ్బుతా మేడమ్. వచ్చి చూడండి కావాలంటే."

మిక్సీ రెండు నిమిషాల పని, మొత్తం కలిపి ఎంత తాగుతుందో చూడండి అని కాగితం ముందు పెట్టి వాదించాను. చివరికి, "సరే ఉండనీ. ఎండ ఉండంగానే తిప్పుకోవాల. పొద్దు వాలినాక పచ్చడి లేదు" అని ఒప్పుకున్నాడు. ఆయన మీద నేను గెలిచిన కేసు అదొక్కటే.

తర్వాత ఫ్రిజ్ దగ్గర ఆగాడు. ఇన్సులిన్ కోసం చిన్నది, బండ్లలో పెట్టుకునేది.

"ఇది ఎందుకు? కుండలో తడి ఇసక పోసి, మధ్యలో సీసా పెట్టి, నీడన పెట్టుకుంటే సరిపోతాది."

"ఎండాకాలం, సోమశిల గట్టు మీద, కుండ? మీకేమైనా తెలిసే మాట్లాడుతున్నారా?"

"కుండకు వైరు లేదు మేడమ్. వైరు లేనిదానికి ఎవురూ ప్లగ్గు పెట్టరు."

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. ఆయన ఏదో పాతకాలపు మొండితనం చూపిస్తున్నాడనుకున్నాను. నా పట్టికను వేలితో పొడిచి చూపిస్తూ, ఫ్రిజ్‌కు ఇంత, లైట్లకు ఇంత, పైన ఇంత మిగులుతుంది, ఇంకేం కావాలి అన్నాను.

"మీ కాగితంలో వాట్లు ఉండాయి, మనుషులు లేరు. కాగితానికి అన్నదమ్ములు ఉండరు, చుట్టాలు రారు. మీ అన్నకు వస్తారు" అన్నాడు.

చివరికి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. రెండు బ్యాటరీలు. ఒకటి లైట్లకు, ఫ్యానుకు, ఫోన్లకు. రెండోది ఫ్రిజ్‌కు మాత్రమే. ఆ రెండోదాన్ని ఇనప పెట్టెలో పెట్టి, పెట్టెకు తాళం వేశాడు. తాళంచెవి అన్న చెయ్యి చాపితే ఇవ్వలేదు. "నీకు కాదు నాయనా. సూది తీసుకునే ఆయమ్మకు. నువ్వు మెత్తని మనిషివి, ఎవురన్నా అడిగితే లేదనలేవు" అని నా చేతిలో పెట్టాడు. నేను తీసుకుపోయి వదిన కొంగుకు ముడేశాను.

మందల దగ్గర ఒక రివాజు ఉంది. మంద దిగినచోట నిప్పు, తాగేనీళ్ళు ఎవరు వచ్చి అడిగినా లేదనకూడదు. లేదన్నవాడి మందకు కుక్కలు పడినా, దొంగలు పడినా పక్క మంద నుంచి ఒక్కడూ లేచి రాడు. నిప్పూ నీళ్ళ కోసం పెట్టుకున్న రివాజు అది. మా అన్న దాన్ని కరెంటుకు కూడా పట్టించాడు.

ఇదంతా నాకు ఆ ఎండాకాలం తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. పొద్దున పదిగంటలకు కాలేజీలో ఉండగా ఫోను వచ్చింది, వదిన వాంతులు చేసుకుని స్పృహ తప్పిందని. ఆత్మకూరు ఆస్పత్రికి పోయేసరికి ఊపిరి కష్టంగా, ఎగపోసుకుంటూ తీస్తోంది. ఒంట్లో చక్కెర విపరీతంగా పెరిగిపోయిందన్నారు. సూదులు వేస్తూనే ఉంది గదా అంటే, డాక్టరు సీసా తెప్పించి చూసి, "ఇది ఎండలో ఉడికిపోయింది. మీరు వేసింది మందు కాదు, నీళ్ళు" అన్నాడు. నేను అన్న వైపు తిరిగాను.

"ఫ్రిజ్ ఆగిపోయింది అమ్మే" అన్నాడు. అంతే అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

అక్కడి నుంచి ఆ సందుకు నాలుగు వందల అడుగులు. నేను నడవలేదు, ఉరికాను. అన్న వెనక వచ్చాడు. అంగడి ముందు పది పన్నెండు మంది ఉన్నారు. బస్సు కోసం చూసేవాళ్ళు, టీ తాగేవాళ్ళు. అన్నేళ్ళలో మొదటిసారి ఆయన్ను 'నువ్వు' అన్నాను.

"నీ బ్యాటరీ మా వదినను చంపింది. నీ పెట్టె, నీ తాళం, నీ సుద్దులు! లోకానికంతా తప్పులు దిద్దుతావే, నీ చేతిపని నువ్వు చూసుకోలేవా?"

ఇంకా చాలా అన్నాను. నాకు మాటలకు కరువు ఎప్పుడూ లేదు.

ఆయన చేతిలో స్పానరు పట్టుకుని విన్నాడు. ఒక్కటే అడిగాడు. "తాళంచెవి ఎవురి దగ్గర ఉండాది మేడమ్?"

"మా వదిన దగ్గరే. ఇంకెవరి దగ్గర?"

ఆయన నా భుజం మీదుగా మా అన్నను చూశాడు. నేను వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే అన్న ముఖం చూసేదాన్ని. ఇప్పటికీ నన్ను తినేది నేను తిరగని ఆ ఒక్క తిరుగుడే.

"నాదే తప్పు. బందోబస్తు చాల్లేదు" అన్నాడు ఆయన.

నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. పది గంటలు రాదని ఒక క్లాసు ముందు నన్ను ఆపిన మనిషి, మిక్సీ కోసం గంటసేపు పోట్లాడిన మనిషి, ప్రాణం మీద నింద వేస్తే ఎదురు చెప్పకుండా ఊరుకున్నాడు. నేను దాన్ని తప్పు ఒప్పుకోవడం అనుకున్నాను. నాకు నోరు ఉన్నంత తెలివి లేదు.

వదిన బతికింది. నాలుగో రోజు కళ్ళు తెరిచింది, చూపు మాత్రం మసకబారింది. నేను కాలేజీ స్టాఫ్ రూములో చెప్పాను, బస్సుల్లో చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను. ఆయన దగ్గర బండ్లకు కరెంటు పెట్టించుకోవాలనుకున్న కొండాపురం మందలవాళ్ళు మానుకున్నారు. మా లెక్చరర్లు ఇన్వర్టర్లు వేరే అంగడికి మార్చుకున్నారు. నేను ఆ సందు మానేశాను.

మొన్న ఆ ఫ్లెక్సీ చూసి, ఉదయగిరి బస్సు ఎక్కాల్సినదాన్ని, అన్న ఊరికి పోయాను. వసారాలో కూర్చుని, "బ్యాటరీ ఆయన పోయినాడంట" అన్నాను. అన్న తల వంచుకున్నాడు. వదిన ఇంట్లోంచి గోడ తడుముకుంటూ వచ్చి గుమ్మానికి ఆనుకుంది.

"ఆయన మీద అట్ల అరవకుండా ఉంటే బాగుండు అమ్మాయ్" అంది.

"ఏం? ఎందుకు?"

"తాళంచెవి నేనే ఇచ్చినా, మీ అన్నకు."

అప్పుడు బయటపడింది మొత్తం. పక్క మందలో ఒకాయన కూతురు కాన్పుకు ఆస్పత్రిలో చేరింది. ఆయన ఫోను చచ్చిపోయింది. అప్పటికే మా మొదటి బ్యాటరీ అందరి ఫోన్లూ తాగేసి అడుగంటింది. అన్న వచ్చి అడిగితే వదిన కొంగు విప్పి ఇచ్చింది. పెట్టె తెరిచి, ఫ్రిజ్ బ్యాటరీ నుంచి ఒక తీగ బయటికి లాగారు. ఆ ఒక్క ఫోనుతో ఆగి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి లేదంటే ఎట్లా? ఫోన్లు, టార్చిలైట్లు, పాటల డబ్బాలు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా. నాలుగో రోజుకు ఫ్రిజ్ చచ్చింది. రేకు బండి, మిట్టమధ్యాహ్నం ఎండ, మూసిన ఫ్రిజ్. పూటపూటా సూది తీసుకునే వదినకు సీసా వేడిగా తగులుతూనే ఉంది.

"తగులుతుంటే చెప్పలేదా?"

"చెప్తే మీ అన్న అందర్నీ పొమ్మనాల గదా. ఎట్ల అంటాడు? మందు మందే గదా, వేడైతే ఏమైతాది అనుకున్నా."

నేను అన్న వైపు తిరిగాను. "నేను బజార్లో అరుస్తుంటే నా వెనక నిలబడి ఉన్నావే. ఒక్క మాట అనలేకపోయినావా?"

"అందరి ముందర ఎట్ల అమ్మే? అప్పటికి మీ వదిన బతుకుతాదో లేదో. ఆ మర్నాడు గొర్రెల్ని చూడను నేను పోయుంటే, ఆయనే మంద కాడికి వచ్చినాడు, మోపెడ్ మీద. తీగ పీకేసినాడు. ఏమీ అనలేదు. పాత ప్యానెలు, పాత బ్యాటరీ తెచ్చి, బండికి దూరంగా గుంజ పాతి కట్టినాడు. వచ్చినోళ్ళు ఫోన్లు దీనికి పెట్టుకుంటారు, నువ్వు ఎవుర్నీ లేదనే పని లేదు, బండి జోలికి రారు అని పోయినాడు."

ఆ గుంజ నేను చూశాను. మరుసటి ఏడు చూసి, మా అన్న ఉపాయం అనుకుని మెచ్చుకున్నాను. అన్న ఆ మెప్పు కూడా కాదనలేదు! ఎవరేది ఇచ్చినా తీసుకోవడం, ఎవరేది అడిగినా ఇచ్చేయడం, మెత్తని మనిషి. ఊళ్ళో మా అన్నను అందరూ మంచివాడంటారు. ఆ మంచితనానికి వదిన తన చూపును బలిపెట్టింది, ఒక పరాయి మనిషి తన మంచిపేరును.

"రేపు నాతో ఆత్మకూరు రా. ఆయన భార్య దగ్గర ఈ మాట చెప్పు" అన్నాను.

"నువ్వు పోయి చెప్పు. నీకు నోరుండాది" అన్నాడు.

"నీ నోటికి కూడా నా నోరే పెట్టాల్నా?" అని లేచి వచ్చేశాను. వదిన పిలుస్తున్నా ఆగలేదు.

మర్నాడు ఒక్కదాన్నే పోయాను. చర్చి వెనక సందులో చిన్న మిద్దె. ఆయన భార్య బియ్యం ఏరుతోంది. నేనెవరో చెప్పుకోబోతే, "తెలుసమ్మా. ఫిజిక్సు మేడమ్‌వి గదా. కూర్చో" అంది. ఇంటికొచ్చినవాళ్ళను కూర్చోమనే పని ఆ ఇంట్లో ఆవిడదన్నమాట.

అంతా చెప్పాను. తాళంచెవి, తీగ, అన్న, నా అరుపులు. ఆవిడ ఏరడం ఆపలేదు.

"నాకు ఆ రోజే చెప్పినాడు" అంది. "నిజం చెప్పొచ్చు గదయ్యా అని నేనూ అరిచినా. ఆ మనిషి పెండ్లాం ఆస్పత్రిలో కొన ఊపిరితో ఉండాది, నీ చేత్తోనే చంపుకున్నావని ఆయప్పకు బజార్లో నేను చెప్పాల్నా అన్నాడు. ఆయమ్మ లేచినాక ఆయప్పే చెప్తాడులే అన్నాడు. ఆయమ్మ లేచింది. ఈయన ఎదురు చూసినాడు. ఆ మేడమ్ రాలేదే, పోట్లాడే మనిషి లేక అంగడి చప్పగా ఉండాది అని నాలుగైదుసార్లు అన్నాడు."

నేను తలెత్తలేకపోయాను. "నన్ను క్షమించండి" అన్నాను.

అప్పుడు ఏరడం ఆపింది. చేట పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది.

"నువ్వు అరిచింది బజార్లో గదమ్మా. చెప్పుకునేది నా ఇంట్లోనా?"

ఆ మాటలో కోపం కూడా లేదు. చెప్పి, మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది.

నేను లేచి ఆ సందుకు వచ్చాను. పొద్దున తొమ్మిదిన్నర. బస్సుల కోసం జనం నిలబడి ఉన్నారు. టీ అంగడి ముందు గుంపుగా ఉంది. మూసిన షట్టరు ముందు నిలబడి, రెండేళ్ళ కిందట ఏ గొంతుతో అరిచానో అదే గొంతుతో మొదలుపెట్టాను. ఈ మనిషి మీద ఈ చోటే నింద వేసింది నేను, అది తప్పుడు నింద, ఆ తీగ లాగింది మా అన్న, మా ఇంటివాళ్ళం నోరు మూసుకుని ఈయన బేరం పోగొట్టాం, నా మాట విని కొండాపురం మందలవాళ్ళు కూడా మానుకున్నారు, అని. తలలు తిరిగాయి. ఎవరో నవ్వారు. "ఈయమ్మ మళ్ళీ ఎవుర్ని తిడుతుండాది?" అని ఒకాయన టీ అంగడి ఆయన్ను అడిగాడు. "ఊరుకో, వినబడనీ" అన్నాడు ఆయన గ్లాసులు కడగడం ఆపి.

కలిగిరి బస్సు వచ్చి సగం మందిని ఎక్కించుకుపోయింది. కొత్తవాళ్ళు వచ్చి నిలబడ్డారు. వాళ్ళ కోసం మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. మధ్యలో ఉదయగిరి బస్సు వచ్చింది. కండక్టరు నన్ను గుర్తుపట్టి, "మేడమ్, రండి, సీటు ఉండాది" అని పిలిచాడు.

"నువ్వు పోనీ. ఇంకా కొండాపురం బస్సు రాలేదు" అన్నాను.